ఆశ్చర్యం ఎవరిది, ఆస్తి ఎవరిది?

అమెరికాలో గేరీ అనే ఉక్కు పట్టణపు నల్లజాతి కవలలు, టిమ్, ఫ్రెడ్ విలియమ్స్, ఫిల్ కాలిన్స్ 1981 నాటి పాట “ఇన్ ది ఎయిర్ టునైట్”ను మొదటిసారి వింటూ, 2020లో ఆ వినడాన్నే వీడియో తీసి లోకానికి చూపారు. చాలాసేపు నెమ్మదిగా సాగిన పాటలో హఠాత్తుగా డ్రమ్ములు విరుచుకుపడగానే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆ ఉలికిపాటులో నటన లేదు. చూసి నేనూ నవ్వాను. పాట మళ్ళీ అమ్మకాల పట్టికలకెక్కింది.

దీన్ని చూసి సంగీతానికి జాతిభేదం లేదని పొంగిపోయే మిత్రులను చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. జాతి లేదు సరే, హక్కుపత్రం లేదా? రాక్ పుట్టింది నల్లవారి బ్లూస్‌లో నుంచి కాదా? “హౌండ్ డాగ్”ను బిగ్ మామా థార్న్‌టన్ 1952లోనే రికార్డు చేసింది. 1956లో ప్రెస్లీ పాడితేగాని లోకానికి చెవులు రాలేదు! ఇప్పుడు ఆ వారసులనే రాక్ గుమ్మంలో కొత్త చుట్టాల్లా నిలబెట్టి, “అబ్బ, వీళ్ళకు కూడా నచ్చింది” అని మురిసిపోవడమా? ఆ కుర్రవాళ్ళను నేనేమీ అనను. వారి ఆనందం వారిది.

విల్లీ డిక్సన్ సంగతి చూడండి. ఆయన రాసిన పాటను మడ్డీ వాటర్స్ 1962లో పాడాడు. లెడ్ జెప్లిన్ వారి “హోల్ లాటా లవ్” 1969లో వచ్చింది. అందులో ఉన్నవి తన మాటలేనని డిక్సన్ 1985లో దావా వేయవలసివచ్చింది. 1987లో రాజీ కుదిరేనాటికి ఆయనకు డెబ్బై రెండేళ్ళు.