బట్టమేక పిట్టను చూడబోయి

యాగంటి పోయివచ్చిన వారినెవరిని కదిపినా రెండే ముచ్చట్లు: బసవన్న పెరుగుతున్నాడట, కాకి వాలదట. అగస్త్యుల వారు శపించారు గనక కాకులు రావని మా పిల్లలకు చెబితే, చిన్నవాడు కొండకేసి చూసి, "మరి కోతుల్ని ఎవరూ శపించలేదేం?" అన్నాడు. వాడి చేతిలోని అరటిపండు అప్పుడే పోయింది లెండి.

దైవదర్శనం తరువాత మృగదర్శనం చేయిస్తామని వాళ్ళకు మాట ఇచ్చి ఉన్నాము. నంద్యాల వారికి నల్లమల పెరటి చెట్టు కాబోలు, ఎవరూ ఆ ఊసే ఎత్తరు. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం అది. ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో జీపు ఎక్కితే అడవిలోకి తీసుకుపోతారు. జూలై నుంచి సెప్టెంబరు వరకు మాత్రం రానివ్వరు. పెద్దపులి కోసమే పోతే నిరాశ తప్పదు. మాకు దుప్పులు, నెమళ్ళు కనబడ్డాయి.

అక్కడినుంచి రోళ్లపాడు పోదామన్నది నా పట్టు. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పరచిన రక్షిత స్థలమది. మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. 1963లో నెమలిని జాతీయ పక్షిగా ఎంచుకున్నప్పుడు సలీం అలీగారి ఓటు దీనికేనట! 1980లలో ఇక్కడ పదుల సంఖ్యలో ఉండేవి. ఇప్పుడు కనబడటమే గగనం. గంటసేపు గడ్డిమైదానం వంక చూశాం. గాలి తప్ప ఏమీ కదల్లేదు.

"దీన్నెవరు శపించారు నాన్నా?" అన్నాడు చిన్నవాడు.

ఒకరని ఏం చెప్పను? ఈ పక్షి గూడు కట్టదు. వట్టి నేలమీద ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. దాన్ని కుక్క తినవచ్చు, మంద తొక్కవచ్చు. చుట్టూ కాలువ నీళ్ళు వచ్చాయి, గడ్డినేల పైరునేల అయింది. రైతును తప్పు పట్టగలమా? ఎదురుగా ఉన్నది దానికి సరిగా ఆనదు, కరెంటు తీగలకు తగిలి చస్తుంది. దేశం మొత్తంమీద నూటయాభై మిగిలాయో లేదో. ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. అక్కడ జైసల్మేరు వద్ద గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లలను పెంచుతున్నారు.

పొద్దువాలే వేళకు కృష్ణజింకల గుంపు ఒకటి వచ్చింది. పిట్టలు తగ్గి ఇవి పెరిగాయి. చేలమీద పడుతున్నాయని చుట్టుపక్కల రైతుల మొర. పిల్లలు మాత్రం ఇరవై మూడు లెక్కపెట్టి, ఇరవై నాలుగని ఒకడు, కాదని ఒకడు, కారెక్కేదాకా దెబ్బలాడుకుంటూనే ఉన్నారు.