స్కాన్‌లో ఏమీ లేదు... రైడ్ మాత్రం వద్దు!

తోడుకున్న పెరుగు గిన్నెని గట్టు మీద ఠక్కున పెట్టి చూడండి. గిన్నెకి సొట్ట పడదు, గీత పడదు. లోపలి పెరుగు మాత్రం చెదిరి, అంచుల్లో నీళ్లు ఊరతాయి. తలకి దెబ్బ తగిలినప్పుడు మెదడుకి జరిగేది ఇంచుమించు ఇలాంటిదే. పుర్రె బాగానే ఉంటుంది. దాంట్లో ద్రవం మధ్య తేలుతుండే మెదడు ఆ కుదుపుకి అటూ ఇటూ ఊగి, దాని పనితీరు కొన్నాళ్లు గాడి తప్పుతుంది. దీన్నే డాక్టర్లు కంకషన్ అంటారు. మనమేమో 'రక్తం రాలేదుగా, పర్లేదు' అంటాం.

ఆ 'పర్లేదు' గురించే ఈ వారం మీతో నాలుగు మాటలు చెప్పాలని కూర్చున్నాను.

నేను ఎక్కిన షేర్ ఆటో స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరింది. పైన ఇనుప కమ్మీ నా నడినెత్తికి కొట్టుకుంది. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. ఇంటికొచ్చి కూర కూడా తాలింపు వేశాను. సాయంత్రానికి మొదలైంది అసలు కథ. తల దిమ్ము, వాంతి వచ్చినట్టుండడం, ట్యూబ్‌లైటు వెలుగు కళ్లలో గుచ్చుకోవడం. మిక్సీ వేస్తే పుర్రెలోనే తిరుగుతున్నట్టుండేది. స్కాన్ తీశారు. 'ఏమీ లేదమ్మా, అంతా బాగుంది' అన్నారు. ఇంట్లో అందరూ 'హమ్మయ్య' అన్నారు. నిజానికి ఆ స్కాన్ చూసేది రక్తం గడ్డ కట్టిందా, ఎముక చిట్లిందా అని. చెదిరిన పెరుగు దాంట్లో కనబడదు. హౌస్ సర్జన్ చేస్తున్న మా అక్క కూతురు ఈ సంగతి విడమరిచి చెప్పేదాకా నాకే నా మీద అనుమానం వచ్చేది, ఇదంతా నా మనసు కల్పించుకుంటోందేమోనని. స్పృహ తప్పనివాళ్లకి కూడా కంకషన్ అవుతుందట. అసలు ఎక్కువమందికి స్పృహ తప్పనే తప్పదట.

మా అత్తయ్యగారు ఆ రాత్రి నన్ను పడుకోనిస్తే ఒట్టు! తలకి దెబ్బ తగిలినవాళ్లు నిద్రపోకూడదని గంటకోసారి కాఫీ. పాపం, ఆవిడ ప్రేమ ఆవిడది. డాక్టరు చూసి ఇంటికి పంపాక నిద్ర మంచిదే, దగ్గర ఒక మనిషి కనిపెట్టుకుని ఉంటే చాలని మర్నాడు తెలిసి, పగలంతా తనే తలుపు దగ్గర కాపలా కూర్చుని నన్ను పడుకోబెట్టారు.

ఇప్పుడు అసలు విషయం. దెబ్బ తగలక ముందే పిల్లలకి మాట ఇచ్చాం, సెలవుల్లో వండర్‌లాకి తీసుకెళ్తామని. అదేనండీ, హైదరాబాదు శివార్లలో, రావిర్యాల దగ్గర 2016లో తెరిచింది. 2000లో కొచ్చిలో మొదలై, తర్వాత బెంగళూరు, ఆ తర్వాత మన వైపు వచ్చింది. మా ఆడపడుచు పిల్లలిద్దరూ, మావాళ్లిద్దరూ రోజులు లెక్కపెడుతున్నారు. నాకు దెబ్బ తగిలి అప్పటికి అయిదో వారం. పెద్దవాళ్లలో చాలామందికి రెండు వారాల నుంచి నెల లోపు సర్దుకుంటుంది. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది, ఆ కొందరిలో నేనొకదాన్ని. ఇంటిపని చేసుకుంటున్నాను గానీ పెద్ద చప్పుడు, గుంపు ఉంటే తల పట్టేస్తోంది.

వెళ్లాలా, మానాలా?

చీకటి గదిలో నెలల తరబడి పడుకోవడం ఇప్పుడు పాత వైద్యం. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోనూ టీవీ తగ్గించడం, ఆ తర్వాత మెల్లమెల్లగా నడక, చిన్న పనులు... ఇలా పెంచుకుంటూ పోతేనే త్వరగా కోలుకుంటారని డాక్టర్లు చెబుతున్నారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆటల్లో తగిలే తలదెబ్బల మీద పెద్ద సదస్సు జరిగింది. మరుసటి సంవత్సరం వాళ్లు అచ్చు వేసిన సలహాలు మా అక్క కూతురు చదివి, నాకు ఒక లెక్క చెప్పింది. బాధకి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోవాలి. పని మొదలుపెట్టేటప్పుడు ఉన్నదానికంటే రెండు మార్కులు పెరిగి, గంటలోపు మళ్లీ దిగిపోతే భయం లేదు. అంతకంటే పెరిగినా, దిగకపోయినా ఆ పని ఆపెయ్యాలి. ఆ లెక్క ఆటగాళ్ల కసరత్తు కోసం పెట్టింది. కానీ కూరగాయల సంచీ మోసేవాళ్లకి మాత్రం పనికిరాదా ఏమిటి!

నేను నా మట్టుకి ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆదివారం పూట రైతుబజారులో ముప్పావు గంట తిరిగి వచ్చాను. రెండు మార్కులతో వెళ్లి మూడుతో తిరిగొచ్చి, మజ్జిగ తాగి కాసేపు ఒరిగేసరికి మళ్లీ రెండు. మీలో ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే పార్కుకి ముందు బజారుకి వెళ్లి చూడండి. బజారే తట్టుకోలేకపోతే పార్కు వాయిదా వేయండి. నేను డాక్టరు గారినీ అడిగాను. 'వెళ్లండి, చూడండి, కూర్చోండి. ఒక్క రైడ్ కూడా ఎక్కొద్దు' అన్నారాయన.

'ఒక్కటి కూడానా?' అని మావారు అడిగారు. ఒక్కటి కూడా. ఎందుకో వినండి. రోలర్ కోస్టర్‌లో తల దేనికీ కొట్టుకోనక్కర్లేదు, ఆ విసురు చాలు మెదడు లోపల ఊగడానికి. డ్యాషింగ్ కార్లంటే ఒకళ్లనొకళ్లు గుద్దుకోవడానికే పెట్టినవి, చెప్పేదేముంది! నీళ్ల జారుడుబల్లల గొట్టాల్లో తల అంచుకి తగలొచ్చు. అలల కొలనులో పక్కవాళ్ల మోచెయ్యి తగలొచ్చు, తడి నేల మీద కాలు జారొచ్చు. మెల్లగా తిరిగేదే కదా అని గుర్రాల రాట్నం ఎక్కినా, ఇంకా తల తిరిగే బాధ ఉన్నవాళ్లకి అది రెట్టింపవుతుంది. మామూలు మనిషి ఇవన్నీ ఎక్కి నవ్వుతూ దిగుతాడు. మానుతున్న మెదడుకి మాత్రం ఇంకో దెబ్బ తగిలితే మొదటిదానికంటే ఎక్కువ కీడు. రైడ్ల దగ్గర బోర్డులుంటాయి చూడండి... గుండెజబ్బులు, మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదని. వాటిలో తలదెబ్బ అని విడిగా రాసి లేకపోయినా సరే, మీరు ఆ జాబితాలోవాళ్లే అనుకోండి.

పిల్లలకి ముందురోజు రాత్రే కూర్చోబెట్టి చెప్పాను. 'అమ్మ వస్తుంది. అమ్మ ఏదీ ఎక్కదు. అమ్మ ముఖం చూసి బాగుందనుకోవద్దు, అమ్మ మార్కులు అడగండి' అని. తొమ్మిదేళ్ల మా చిన్నదానికి ఈ మార్కుల సంగతి తెగ నచ్చింది. పాత డైరీలో కాగితం చింపి, గీతలు కొట్టి, ప్రోగ్రెస్ రిపోర్టు తయారు చేసింది!

ఆదివారమూ, పండగ రోజూ కాకుండా మంగళవారం పెట్టుకున్నాం, జనం తక్కువుంటారని. నల్గొండ నుంచి మావారే కారు నడిపారు. కోలుకునే రోజుల్లో డాక్టరు సరేననేదాకా మీరు బండి నడపకండి. బయటి తిండి చాలా పార్కుల్లో లోపలికి రానివ్వరు కాబట్టి దారిలోనే చెట్టు కింద ఆగి పులిహోర, పెరుగన్నం కడుపునిండా తినేశాం. కడుపు మాడితే, ఒంట్లో నీళ్లు తగ్గితే తలనొప్పి పెరుగుతుంది. పెద్ద అంచున్న టోపీ, నల్లకళ్లద్దాలు, చెవుల్లోకి దూది నా సంచీలో ఉన్నాయి. తలనొప్పి మాత్ర మాత్రం ముందుగా వేసుకోలేదు. మాత్ర వేసుకుని బాధని నొక్కేస్తే మార్కులు తప్పుతాయి, ఎక్కడ ఆగాలో తెలియదు.

లోపలికి అడుగు పెట్టగానే మావారినీ పిల్లల్నీ పంపేసి, నేను నీడ ఉన్న బెంచీ, మంచినీళ్లు, బాత్రూములు, ప్రథమ చికిత్స గది ఎక్కడున్నాయో చూసుకున్నాను. మీరూ ముందు ఈ పని చేయండి. తల పట్టేశాక వెతుక్కునే ఓపిక ఉండదు.

మధ్యాహ్నం దాకా బ్రహ్మాండంగా గడిచింది. సంచులన్నిటికీ నేనే కాపలా! ఒక్కొక్క రైడ్ దిగి పరుగెత్తుకొచ్చి నలుగురూ ఒకేసారి చెప్పడం, నేను 'ఒక్కొక్కరే, మెల్లిగా' అనడం. ఇదివరకు ఎప్పుడూ వాళ్లు ఇంత వివరంగా నాకేదీ చెప్పలేదు. నేను పక్కనే ఎక్కి ఉంటే చెప్పాల్సిన పనేముంది మరి!

అప్పుడొచ్చింది చిక్కు. ఒక రైడ్‌కి జంటగా కూర్చోవాలి. మా చిన్నది 'అమ్మే కావాలి' అని క్యూలోనే ఏడుపు. మా ఆడపడుచు, 'ఒక్కదానికి ఏమవుతుంది వదినా? స్కాన్ బాగుందన్నారుగా. పిల్ల అలా ఏడుస్తుంటే...' అంది. వెనకాల ఉన్న ఇద్దరు ఆడవాళ్లు కూడా నా వంక అదోలా చూశారు.

చెల్లెళ్లూ, అక్కయ్యలూ, ఇక్కడే మనం లొంగిపోతాం. జ్వరంతో పిండి రుబ్బుతాం, నడుం పట్టేసినా నీళ్లు మోస్తాం. మన బాధ కంటికి కనబడేదైతేనే లెక్క, కనబడకపోతే నాటకం. మా ఆడపడుచు చెడ్డది కాదు, నా మీద ప్రేమే. కానీ నా తల చుట్టూ కట్టు ఉంటే ఆ మాట అనేదా? అదే అడిగాను. 'కాలికి పిండికట్టు ఉంటే నన్ను ఎక్కమంటావా? ఇదీ అంతే. కట్టు లోపలుంది' అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, 'రావే, అత్తతో రా' అని పిల్ల చెయ్యి పట్టుకుంది. చిన్నది అత్తతో ఎక్కి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది గానీ, దిగేటప్పుడు గట్టిగా నవ్వుతూ దిగింది.

అలల కొలను దగ్గర నావల్ల కాలేదు. మైకుల్లో పాటలు, జనం కేకలు, నీళ్ల మీద ఎండ మెరుపు. చిన్నది 'ఎన్ని మార్కులు?' అంటే 'అయిదు' అన్నాను. రెండు మీద మూడు పెరిగాయి. వెంటనే లేచాను. తినుబండారాల హాలులో ఏసీ ఉన్న మూల కూర్చుని, దూది పెట్టుకుని, కళ్లు మూసుకున్నాను. పది నిమిషాలకి మా పెద్దవాడు తడి బట్టలతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పద్నాలుగేళ్లవాడు, నాలుగు మాటలు వరసగా మాట్లాడితే గొప్ప. 'నువ్వెళ్లి ఆడుకోరా' అంటే, 'కూర్చుంటాలే' అన్నాడు. ఫోను కూడా తియ్యలేదు. నలభై నిమిషాలకి మూడుకి దిగింది. అప్పుడు లేచి వెళ్లి అందరికీ చెప్పాం, సాయంత్రం దాకా ఉండకుండా నాలుగింటికే బయల్దేరదామని. పిల్లలు గునిశారు, కానీ ఎవరూ గొడవ చేయలేదు.

ఇదే దెబ్బ మీ పిల్లవాడికే తగిలిందనుకోండి. అప్పుడూ లెక్క ఇదే, ఇంకాస్త గట్టిగా. పిల్లలకి నాలుగు వారాల దాకా పట్టొచ్చు. ముందు బడి, చదువు మామూలుగా సాగాలి. ఆటలు, రైడ్లు ఆ తర్వాత, బాధలన్నీ పోయి డాక్టరు సరేనన్నాకే. 'తోటివాళ్లంతా ఎక్కుతున్నారు పాపం' అని జాలిపడకండి.

పెద్దలకైనా, పిల్లలకైనా కొన్ని గుర్తులుంటే పార్కూ లేదు, మార్కులూ లేవు, తిన్నగా ఆసుపత్రికే. తలనొప్పి అంతకంతకూ పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా లేవలేని మత్తు, మాట ముద్దగా రావడం, ఒక పక్క చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పడం, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదిగా ఒకటి చిన్నదిగా ఉండడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి ద్రవం కారడం. మా ఫ్రిజ్ మీద పాల లెక్క పక్కనే ఇవి రాసి అంటించాను.

పార్కు మర్నాడు ఏ పనీ పెట్టుకోకండి. నేను పొద్దున్నే చారన్నంతో సరిపెట్టేశాను. తడి బట్టల సంచీని మావారూ పెద్దవాడూ విప్పి, ఉతికి, ఆరేశారు. క్లిప్పులన్నీ ఒకే వైపు పెట్టారు, సగం గాలికి ఎగిరి కింద పడ్డాయి. నేను కిటికీలోంచి చూస్తూ పడుకున్నాను. చిన్నది మంచం పక్కకొచ్చి కాగితం తీసింది. 'రెండు' అన్నాను. రాసుకుంది.