రిమోట్ ఎక్కడుంది?

బడిగంట – వారం వారం

మా ఊరి బడిలో ఒక ఇనప్పెట్టె ఉండేది. నేను మూడో తరగతిలో ఉండగా ట్రాక్టరు మీద వచ్చింది. అందులో గ్లోబు ఉందని, అయస్కాంతం ఉందని, భూతద్దం పెడితే చీమ పిల్లి అంత కనిపిస్తుందని ఐదో తరగతి వాళ్లు చెప్పేవాళ్లు. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పెట్టెకి తాళం, తాళంచెవి హెడ్మాస్టారి జేబులో. నేను పక్క ఊరి హైస్కూలుకి వెళ్లిపోయేనాటికి కూడా ఆ గ్లోబు చీకట్లోనే ఉంది.

మాస్టారు చెడ్డవారేం కాదు. లెక్కలు బ్రహ్మాండంగా చెప్పేవారు. కానీ స్టాకు రిజిస్టర్లో ‘గ్లోబు – 1’ అని రాసి, ఎదురుగా సంతకం పెట్టింది ఆయన. తనిఖీకి వచ్చినవాళ్లు ‘గ్లోబు ఉందా?’ అనేవాళ్లే గానీ ‘ఎప్పుడైనా తిప్పారా?’ అని అడిగిన పాపాన పోలేదు. పిల్లలు పట్టుకుంటే సొట్టపడుతుంది, సొట్టపడితే సంజాయిషీ. తాళం వేసి ఉంచితే ఏ గొడవా లేదు. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, కాస్త బోధన సామగ్రి ఉండాలని 1987లో మొదలుపెట్టిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం పెట్టె అదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్నామధ్య ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. గోడకి ఇంత పెద్ద స్మార్ట్ టీవీ. దాని మీద పూలపూల దుప్పటి. అంచుల ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు. “రిమోట్ ఏదండీ?” అన్నాను. “బీరువాలో ఉందండీ” అన్నారు టీచరమ్మ. “బీరువా తాళం?” ఆవిడ నవ్వారు. హెడ్మాస్టారు ఆ రోజు మీటింగుకి వెళ్లారు.

బడికి టీవీ కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా ఉపగ్రహం ఒకటి అరువు తెచ్చుకుని, దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ ప్రసారాలు చేశారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పొద్దున పూట ప్రసారం బడిపిల్లల కోసమే. ఏడాది తిరిగింది, ఉపగ్రహం దాని దారిన అది పోయింది. తర్వాత 2004లో చదువుల కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది. 2017లో దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక వచ్చి పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ గళ్లు పడ్డాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో బడులు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలై, ఆ వరసలో ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు, పై తరగతులకు టచ్ ప్యానెళ్లు వచ్చాయి. తెలంగాణలో టీశాట్ టీవీ పాఠాలున్నాయి. యాభై ఏళ్లుగా సామాను వస్తూనే ఉంది. దానితో మంగళవారం పదిన్నరకి మూడో తరగతిలో ఏం చెయ్యాలన్న మాటే సామానుతో పాటు రావడం లేదు.

పైగా వచ్చిన పాఠాల్లో ఎక్కువ భాగం చూస్తూ కూచునేవి. రంగుల ఏనుగు గెంతుతూ ఎక్కాలు పాడుతుంది, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. పాట అయిపోయాక ఏడు ఎనిమిదులు ఎంతరా అంటే ఏనుగు రంగు చెబుతారు. చిన్న తరగతుల్లో యంత్రం పని పాఠం చెప్పడం కాదు. పిల్లలు చేసిందాన్ని, పలికిందాన్ని మళ్లీ వాళ్లకే చూపించడం, వినిపించడం. అద్దంలాగా అన్నమాట. నేను చూసిన మంచి పాఠాలన్నీ ఇలాంటివే.

ఒకటి నీడ పాఠం. ఖర్చు ఒక మూరెడు కర్ర. పొద్దున పదింటికి ఆటస్థలంలో కర్ర నిలువుగా పాతి, నీడ కొస దగ్గర గులకరాయి పెట్టాలి. కిటికీలో ఒకేచోట ఇటుక పెట్టి, దానికి ఫోన్ ఆనించి ఫొటో తియ్యాలి. అరగంటకోసారి ఒక జట్టు పరిగెత్తుకెళ్లి రాయి పెట్టి వస్తుంది, ఒక ఫొటో పడుతుంది. మూడింటికల్లా పదకొండు రాళ్లు, పదకొండు ఫొటోలు. వాటిని టీవీకి ఎక్కించి చకచకా జరపండి. పొద్దుటి నుంచీ కదలనట్టు కనిపించిన నీడ గడియారం ముల్లులా గిర్రున తిరుగుతుంది. తిరిగింది నీడ కాదర్రా, మన బడి అని అప్పుడు చెప్పాలి. అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా అది మాటే. ఇంకో తమాషా ఉంది. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది సరిగ్గా పన్నెండుకి కాదు. హైదరాబాద్‌లో ఆగస్టు మొదట్లో అది పన్నెండూ ఇరవై దాటాక. ఎందుకని పిల్లలే అడుగుతారు. జవాబు తెలియకపోతే టీచరుకి సిగ్గేం లేదు, కలిసి వెతుక్కోవచ్చు.

మన రెండు రాష్ట్రాలూ కర్కటరేఖకి దిగువన ఉండటం వల్ల ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకి నీడే ఉండదు. ఒకటి వేసవిలో, రెండోది బళ్లు నడిచే రోజుల్లో. ఆదిలాబాద్‌లో జూలై 25, హైదరాబాద్‌లో ఆగస్టు 3, విజయవాడలో ఆగస్టు 7, తిరుపతిలో ఆగస్టు 16 ప్రాంతాల్లో. మబ్బు పట్టకపోతే అంతకు మించిన వీడియో పాఠం ఏ కంపెనీ తియ్యలేదు.

రెండోది తీసివేత. నలభై రెండులోంచి పదిహేడు తియ్యమంటే పిల్లాడు పక్కింటికెళ్లి అప్పు తెస్తాడు. ఒకటి అప్పు తెస్తే పది ఎలా అయ్యిందిరా అంటే తెల్లమొహం వేస్తాడు. (పల్లెటూరి పిల్లలకి వడ్డీ సంగతి తెలుసు గనక నిజంగానే వడ్డీ అనుకునేవాళ్లున్నారు.) ఇక్కడ టీవీ ఎందుకూ పనికిరాదు. చీపురుపుల్లలు కావాలి. పదేసి పుల్లలకి రబ్బరుబ్యాండు వేసి నాలుగు కట్టలు, విడిగా రెండు పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వరా అంటే చేతిలో ఉన్నవి రెండే. కాసేపు తికమక పడతాడు. ఆ తికమకలో మాట సాయం చెయ్యకూడదు. కాసేపటికి వాడే ఒక కట్టకున్న రబ్బరుబ్యాండు లాగేస్తాడు, పుల్లలు బెంచీ మీద చెల్లాచెదురవుతాయి. అప్పు అంటే ఏమిటో ఆ చప్పుడులో తెలుస్తుంది. టెక్నాలజీ వంతు ఆ తర్వాత: ముందు, తర్వాత రెండు ఫొటోలు తీసి టీవీలో పెట్టి, ఏం జరిగిందో వాడినే తరగతికి చెప్పమనడం.

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఫోన్‌లో వాయిస్ రికార్డర్. నెట్ అక్కర్లేదు, యాప్ దించుకోనక్కర్లేదు. ఒక పేరా చదివించి రికార్డు చేసి వినిపిస్తే, మొదటిసారి తరగతంతా ఒకటే నవ్వు. “అది నా గొంతు కాదు టీచర్” అంటారు. రెండోసారి వినేటప్పుడు నవ్వు తగ్గి, చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఒక పాప తనది తనే విని, “‘ప్రయాణం’ని ‘పయాణం’ అన్నాను టీచర్, మళ్లీ చదువుతా” అనడం నేను విన్నాను. అదే తప్పు టీచరు దిద్దితే మొహం ముడుచుకునేది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం అరవై మాటలు అర్థం చేసుకుంటూ చదవాలంటుంది. ఆ లెక్క మీద నాకో పేచీ ఉంది. ‘చదువుకుంటున్నవాళ్లందరికీ’ అనేది తెలుగులో ఒక్క మాట, మరి దాన్ని ఎన్నిగా లెక్కేస్తారు? అది వేరే వారం మాట్లాడుకుందాం.

అదే రికార్డర్‌ని ఇంటికీ పంపొచ్చు. అమ్మ ఫోన్‌లో నాయనమ్మ చెప్పిన పొడుపుకథ రికార్డు చేసుకు రమ్మంటే మర్నాటికి తరగతి నిండా పొడుపుకథలే. విని, నల్లబల్ల మీద రాసి, పుస్తకాల్లోకి ఎక్కిస్తే అదే ఆ ఊరి వాచకం. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, సవర, గోండి, కొలామి వంటి ఎనిమిది గిరిజన భాషల పిల్లలకి వాళ్ల భాషలోనే తొలి చదువు మొదలుపెట్టారు. అలాంటి గూడేలకి ఆ భాష రాని టీచరు వెళ్లినప్పుడు, పిల్లలు తెచ్చిన రికార్డులే ఆయనకి ఓనమాలు.

ఇక టీవీయే వాడాలంటే ముందు దాని మూతి కట్టేయండి. శబ్దం తీసేసి కప్ప జీవితచక్రం వేసి, వ్యాఖ్యానం పిల్లల్ని చెప్పమనండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ముందు బొమ్మ చూపించి, కథ ఊహించమని, ఆ తర్వాతే అక్షరాలు చదివించవచ్చు. అక్కడ టీవీ నలభై మందికీ కనిపించే పెద్ద బొమ్మల పుస్తకం, అంతే.

ఇవన్నీ చదివి ఏ ప్రాథమిక బడి టీచరైనా నన్ను అడిగే ప్రశ్న నాకు తెలుసు: “ఎప్పుడు చెయ్యమంటారు సార్?” హాజరు యాప్, మధ్యాహ్న భోజనం యాప్, కొన్నాళ్లు మరుగుదొడ్డి ఫొటో కూడా. ఫోన్ సొంతది, డేటా సొంతది. 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిలో పిల్లల ఫోన్లు నిషేధించి, క్లాసులో టీచర్ల ఫోన్లకి కూడా కళ్లెం వేసింది. పిల్లల సంగతి న్యాయమే. కానీ మరుగుదొడ్డి ఫొటో తియ్యడానికి పనికొచ్చిన ఫోన్ నీడ ఫొటో తియ్యడానికి మాత్రం నేరమెలా అవుతుంది? ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూచోబెట్టి లాక్కొచ్చే ఏకోపాధ్యాయుడికి ఈ కబుర్లన్నీ చెప్పే హక్కు నాకు లేదన్నది కూడా నిజం. ఆయనకి కావాల్సింది రెండో టీచరు. 1987లో ఇస్తామన్నదీ అదే.

విద్యాశాఖకి ఒక్క విన్నపం. కొత్త యాప్ వద్దు, కొత్త ప్యానెల్ వద్దు. ‘పిల్లల చేతుల్లో వాడగా పాడైన సామగ్రికి టీచరుని బాధ్యుణ్ని చెయ్యం’ అని ఒక్క వాక్యం సర్క్యులర్ ఇవ్వండి. తనిఖీ ఫారంలో ‘ఉందా’ అన్నచోట ‘ఎంత అరిగింది’ అని మార్చండి.

ఇక పాఠకులకి: ఈసారి మీ ఊరి బడి వైపు వెళ్లినప్పుడు లోపలికి వెళ్లి, టీవీ ఎంత పెద్దదని కాకుండా రిమోట్ ఎక్కడుందని అడగండి.