కమిషన్ సంగతి తర్వాత, ముందు తాళం చెవి ఎవరిదో చూడండి

ఇంట్లో ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకుందాం అనుకునే ఆడవాళ్ళకి సలహాలు చెప్పేవాళ్ళు ఈమధ్య మరీ ఎక్కువైపోయారు. ముగ్గుల పుస్తకం పీడీఎఫ్ చేశావా, ఫలానా సైట్లో పెట్టు, ఫ్రీ! మగ్గం వర్క్ డిజైన్లు గీశావా, ఫలానా యాప్‌లో పెట్టు, ఫ్రీ! పిల్లల వర్క్‌షీట్లా, దొరికినచోటల్లా పెట్టెయ్, అన్నీ ఫ్రీయే! యూట్యూబ్‌లో ఓ "టాప్ టెన్" వీడియో చూస్తే సాయంత్రానికి కొట్టు తెరిచెయ్యొచ్చు అన్నట్టు మాట్లాడతారు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, అడగాల్సిన ప్రశ్న వీళ్ళలో ఒక్కరూ అడగరు. ఆ కొట్టు ఎవరి పేరున ఉంటుంది? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? కొన్నవాళ్ళ వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి? రేపు పడకపోతే సామాను సర్దుకుని బయటికి రాగలమా?

నగలు పెట్టుకోడానికి బ్యాంకులో లాకర్ తీసుకుంటాం. అద్దె ఓ రెండొందలు తక్కువని, ఇంకెవరి పేరునో ఉన్న లాకర్లో, వాళ్ళ తాళం చెవి కింద మన నగలు పెడతామా? పెట్టం కదా. మరి మన చేత్తో గీసిన డిజైన్లు, రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక కూర్చుని చేసిన పుస్తకాలు మాత్రం ఎలా పెట్టేస్తాం?

నేనూ ఈ పనిలోనే ఉన్నాను. అక్షరాలు, గుణింతాలు, వత్తులు దిద్దించే తెలుగు వర్క్‌షీట్లు చేసి అమ్ముతాను. కొనేవాళ్ళలో సగంమంది ఇక్కడి తల్లులు. మిగతా సగం డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, పిల్లలకి తాతమ్మ పేరు తెలుగులో రాయడం వస్తే చాలు అనుకునేవాళ్ళు. అందుకే ఈ లెక్కలన్నీ నా వంటింటి లెక్కలంత బాగా తెలుసు నాకు.

ముందు ఆ "ఫ్రీ" సంగతి తేల్చేద్దాం.

గమ్‌రోడ్ అని ఒక అమెరికా సైట్ ఉంది. సరుకు పెట్టడానికి పైసా అడగరు. అమ్ముడైతే 10 శాతం, దానిమీద 50 సెంట్లు తీసుకుంటారు. పదే కదా అంటారు మన సలహాదారులు. డాలరు 85 రూపాయలు అనుకుంటే 50 సెంట్లంటే 42 రూపాయల పైమాటే. 99 రూపాయల ముగ్గుల పీడీఎఫ్ మీద శాతం కింద ఓ పది, సెంట్ల కింద 42, మొత్తం 52 రూపాయలు పోయాయి. చేతికి వచ్చేది మహా అయితే 47. అదే 20 డాలర్లకి అమ్మే సరుకైతే ఈ లెక్కన రెండున్నర డాలర్లే పోతాయి. సైట్ చెడ్డదని కాదు నేననేది. పది రూపాయల కొత్తిమీర కట్ట కోసం పాతిక రూపాయల ఆటో కట్టించుకోకూడదు, అంతే. పెద్ద ధర సరుక్కి పనికొచ్చే చోటు చిన్న ధర సరుక్కి పనికిరాదు.

ఎట్సీ ఇంకోటి. ఒక్కో వస్తువు పెట్టడానికి 20 సెంట్లు, అదీ నాలుగు నెలలకే. అమ్ముడైతే 6.5 శాతం. 2022 ఏప్రిల్ దాకా అది 5 శాతమే. పెంచినప్పుడు వేలమంది అమ్మేవాళ్ళు వారంపాటు కొట్లు మూసి సమ్మె చేశారు. పెంపు మాత్రం ఆగలేదు. అద్దింట్లో ఉన్నవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. అద్దె ఎప్పుడు పెంచాలో ఇంటివాళ్ళ ఇష్టం.

అంతకన్నా తక్కువ కమిషన్ తీసుకునే విదేశీ సైట్లూ ఉన్నాయి. బావుంది, కానీ అక్కడ డబ్బు ఏ దారిన వస్తుందో చూశారా? చాలావాటికి పేపాల్ గానీ స్ట్రైప్ గానీ ఉండాలి. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది. స్ట్రైప్ 2024 నుంచి మన దగ్గర కొత్తవాళ్ళని ఆహ్వానం మీదే చేర్చుకుంటోంది. గుంటూరులో ఉన్న మీ దగ్గర గుడివాడలో ఉన్న ఆవిడ ఎలా కొంటుంది? డబ్బు వచ్చే దారి లేనప్పుడు కమిషన్ ఎంత తక్కువైతే ఏం లాభం?

అదే మన యూపీఐకి 2020 జనవరి నుంచి అమ్మేవాళ్ళ దగ్గర ఛార్జీ తీసుకోవడం లేదు. ఇక్కడి పేమెంట్ గేట్‌వే పెట్టుకున్నా మామూలుగా 2 శాతం, ఆ 2 శాతం మీద జీఎస్టీ. 99 రూపాయల మీద రెండున్నర రూపాయల లోపే. ఈ ముక్క వీడియోల్లో ఎందుకు గట్టిగా చెప్పరో తెలుసా? చాలా పెద్ద సైట్లకి అఫిలియేట్ పద్ధతి ఉంటుంది. మీరు వాళ్ళ లింకు నొక్కి చేరితే వీడియో చేసినవాళ్ళకి వాటా. యూపీఐ స్కాన్ చేయించుకోమని చెబితే వాళ్ళకి ఎవరిస్తారు వాటా? వీడియో కింద లింకు కనిపిస్తే ఆ సలహాని పెళ్ళిళ్ళ పేరయ్య మాటలాగే వినండి. అబ్బాయి మంచివాడే అయ్యుండొచ్చు, కానీ మన విచారణ మనం చేసుకోవాలి.

ఇక అసలు గొడవ ఇంట్లో ఉంది. ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

సైట్లో చేరేటప్పుడు పాన్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు అడుగుతారు. అక్కడ మనలో ఎంతమంది మన వివరాలు ఇస్తున్నాం? "మా ఆయన అకౌంట్ ఇచ్చేశానండీ, ఒకటే కదా" అంటారు. ఓటీపీ ఏమో ఇంజనీరింగ్ చదివే కొడుకు ఫోన్‌కి. వాడు క్లాసులో ఉంటే అమ్మ తన కొట్టు తను తెరవలేదు! మా పెద్దమ్మల కాలంలో పాల డబ్బులు, గుడ్ల డబ్బులు పోపుల డబ్బాలో దాచుకునేవాళ్ళు. కనీసం ఆ డబ్బా మూత వాళ్ళ చేతిలో ఉండేది. మనం డిగ్రీలు చదివి, స్మార్ట్‌ఫోన్లు పట్టుకుని, డబ్బాని తీసుకెళ్ళి ఇంకొకరి బీరువాలో పెడుతున్నాం.

మొగుడి మీద నమ్మకం లేకా అంటారు. నమ్మకానికీ దీనికీ ఏం సంబంధం? ఆయన జీతం ఆయన ఖాతాలోనే పడుతోంది కదా, అప్పుడు నమ్మకం ప్రశ్న ఎవరూ ఎత్తలేదే! డబ్బు మీ ఖాతాలో పడ్డాక ఇంటికే ఖర్చుపెట్టండి, ఆయనకే ఇవ్వండి, మీ ఇష్టం. ఇచ్చేది మీరు కావాలి.

నమ్మకం మాట వద్దంటే పన్ను మాట చెబుతాను, అది ఇంట్లో అందరికీ తొందరగా అర్థమవుతుంది. ఆయన పాన్ ఇస్తే మీ అమ్మకాలు ఆయన ఆదాయంగా లెక్కలోకి వెళ్తాయి. ఆయన 30 శాతం శ్లాబులో ఉంటే మీ ముగ్గుల మీదా 30 శాతమే. మీ పేరున ఉంటే, 2025-26 నుంచి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. ఈ-కామర్స్ సైట్లు అమ్మకాల మీద టీడీఎస్ పట్టుకోవాలని 2020 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. ఏడాదికి 5 లక్షల లోపు అమ్ముకునే వ్యక్తులు పాన్ గానీ ఆధార్ గానీ ఇస్తే అది కూడా పట్టుకోరు. ఇంత సౌకర్యం మన పేరుకి ఉంటే దాన్ని వాడుకోకుండా పక్కన పెట్టడం ఏం పొదుపు?

చట్టం కూడా మనవైపే ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్, ఆడది తన నైపుణ్యంతో, శ్రమతో సంపాదించుకున్నదానికి పూర్తి హక్కుదారు ఆమే అంటుంది. కానీ ఖాతా, పాన్, ఫోన్ నంబరు అన్నీ ఇంకొకరివైతే, అది నా కష్టం అని రుజువు చేసుకోడానికి మీ దగ్గర ఏముంటుంది?

రెండో తాళం చెవి, కొన్నవాళ్ళ జాబితా.

మా పై ఫ్లాట్‌లో ఒకమ్మాయి ఉంది. మగ్గం వర్క్ డిజైన్లు గీసి రెండేళ్ళు ఒక యాప్‌లో అమ్మింది. ఒకరోజు పొద్దున్నే ఖాతా మూసేశారు. నిబంధనలు ఉల్లంఘించారు అని మెయిల్. ఏ నిబంధన అంటే జవాబు లేదు, ఎన్నిసార్లు రాసినా అదే మెషిన్ రాసిన రెండు వాక్యాలు. డిజైన్లు లాప్‌టాప్‌లో భద్రంగానే ఉన్నాయి. పోయింది మనుషులు. నరసరావుపేట నుంచి నిజామాబాద్ దాకా టైలరింగ్ చేసుకునే ఆడవాళ్ళు ఆ పిల్ల దగ్గర నెలనెలా కొనేవాళ్ళు. ఒక్కరి ఫోన్ నంబరూ, మెయిలూ తన దగ్గర లేదు. అన్నీ యాప్ దగ్గరే.

ఒక్క కంపెనీ తీరు అనుకోకండి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. నిషేధం తప్పా ఒప్పా అని కాదు నేను మాట్లాడేది. దాన్నే నమ్ముకుని లక్షలమందిని పోగుచేసుకున్నవాళ్ళకి ఒక్క రాత్రిలో ఏం మిగిలింది? ఎట్సీలో కూడా కొన్న ఆవిడ మెయిల్ కనిపించినా, ఆవిడ ఒప్పుకోకుండా మన జాబితాలో చేర్చుకోకూడదు.

కొనేవాళ్ళ విలువ ఎంతో ఆ కంపెనీలకి బాగా తెలుసు. ఉడెమీలో పాఠాలు పెడితే, మీరు ఇచ్చిన లింకు ద్వారా వచ్చి కొన్నవాళ్ళ డబ్బులో 97 శాతం మీది. వాళ్ళు తెచ్చిన మనిషి విడిగా ఆ కోర్సు కొంటే మీకు 37 శాతమే. పాఠం అదే, గొంతు మీదే! గమ్‌రోడ్‌లో కూడా వాళ్ళ సంతలో చూసి కొంటే 10 కాస్తా 30 శాతం అవుతుంది. మనిషిని తెచ్చినందుకు వాళ్ళు అంత తీసుకుంటుంటే, మనం తెచ్చిన మనుషుల్ని ఊరికే వాళ్ళకి ఎందుకు అప్పజెప్పాలి?

మూడోది, బయటికి వచ్చే దారి.

కిండిల్‌లో మన దేశపు అమ్మకాల మీద 70 శాతం రాయల్టీ కావాలంటే కేడీపీ సెలెక్ట్‌లో చేరాలి. చేరితే 90 రోజులు ఆ ఈ-పుస్తకం ఇంకెక్కడా అమ్మకూడదు, మీ సొంత సైట్లో కూడా. వద్దంటే 35 శాతమే. పైగా 2016లో వాళ్ళు భారతీయ భాషల ఈ-పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పెట్టారు. ఆ ఐదింటిలో తెలుగు లేదు! పెద్ద కొట్టని మురిసిపోయి వెళ్ళేముందు, మన భాషకి అక్కడ అరుగు మీదైనా చోటుందో లేదో చూసుకోవాలి.

ఇక్కడ నన్ను ఆపి అడిగేవాళ్ళున్నారు. "అన్నీ మేమే చూసుకుంటే వంట ఎప్పుడు, వాకిలి ఎప్పుడు? పెద్ద సైట్లకి జనం వస్తారు, మన వాట్సాప్‌కి ఎవరొస్తారు?" న్యాయమైన ప్రశ్నే. మనకి రాత్రి పదకొండైనప్పుడు డాలస్‌లో ఒకావిడ డబ్బు కడితే, మనం నిద్రపోతున్నా ఫైలు ఆవిడకి చేరాలి. ఆ పని సైట్ చేస్తుంది, దానికి కూలి ఇవ్వాల్సిందే. గమ్‌రోడ్ 2025 జనవరి నుంచి ఆయా దేశాల అమ్మకపు పన్నుల బాధ్యత కూడా తనే తీసుకుంది. విదేశాల వాళ్ళకి అమ్మేవాళ్ళకి అది చిన్న సాయమేం కాదు. సైట్లు వద్దనడం లేదు నేను. సంతకి వెళ్ళండి, అమ్ముకోండి, సాయంత్రానికి ఇంటికి రండి. సంతలోనే కాపురం పెట్టకండి.

నా మాట అడిగితే ఇలా చెయ్యండి. నెలకి పది, ఇరవై అమ్మకాలున్నంతకాలం యూపీఐ, వాట్సాప్ చాలు. కొన్న ప్రతివాళ్ళ పేరూ, నంబరూ అడిగి, కొత్తవి చేసినప్పుడు చెప్పమంటారా అని ఒప్పించుకుని, మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. అమ్మకాలు పెరిగితే ఇక్కడివాళ్ళకి రూపాయల్లో కట్టించుకునే ఇక్కడి పేజీ ఒకటి, బయటివాళ్ళకి డాలర్ల సైట్ ఒకటి, రెండూ విడిగా పెట్టుకోండి. బయటి సైట్లో చిన్నవి విడివిడిగా కాకుండా పది కలిపి ఒక కట్టగా పెట్టండి, సెంట్ల దెబ్బ తగ్గుతుంది. ఏ ఫైలు అసలు ప్రతి అయినా మీ దగ్గర రెండుచోట్ల ఉండాలి. కొన్నవాళ్ళ జాబితా దింపుకోనివ్వని చోట మీ ముఖ్యమైన సరుకు పెట్టకండి.

అన్నిటికన్నా ముందు, మీ పేరున పాన్, మీ ఒక్కరి పేరున ఖాతా, మీ చేతిలో ఉండే ఫోన్‌కి ఓటీపీ. ఇవి లేకపోతే ఈ వారం ఆ పని చూడండి, ముగ్గుల పుస్తకం వచ్చేవారం పెట్టొచ్చు.

నీకెందుకమ్మా ఇవన్నీ, మేం చూసుకుంటాం కదా అని ఇంట్లో ఎవరైనా అంటే కోప్పడకండి. పాలవాడి లెక్క, చీటీ లెక్క, స్కూలు ఫీజుల లెక్క ఇన్నేళ్ళూ ఎవరు చూశారో ఒకసారి గుర్తుచెయ్యండి. ఇదీ అలాంటి లెక్కే. కాకపోతే ఈసారి లెక్క పైన మీ పేరు రాయండి.