పూల లిస్టులో ఎవరెవరు?

ఇంట్లో పెళ్లి ఫిక్స్ అయిందని ఫోన్‌కి ఎట్లా తెలుస్తుందో గానీ, మరుసటి రోజు నుంచే ఇన్‌స్టా నిండా పూలే. తెల్ల హైడ్రేంజియాలు, లేత గులాబీ పియోనీలు. బాగుంటాయి, కాదనను. కానీ ఆ రీల్స్ తీసింది ఏసీ హాళ్లలో. మనది నందికొట్కూరు, పెళ్లి మే నెలలో. పొద్దున పదకొండుకే ఫ్యాన్లు వేడిగాలి కొడతాయి. మా చెల్లి పెళ్లికి పూల పని నాకు అప్పజెప్పారు. "ఇంజినీరింగ్ చదివినావు కదా, లెక్కలు నువ్వు చూడు" అని మా చిన్నాయన లాజిక్. అందుకే నాకు తెలిసింది మీకూ చెప్తున్నా.

పూలని రంగు చూసి కాదు, గంట చూసి ఎంచుకోండి. మల్లెల్ని పొద్దున్నే మొగ్గలుగా కోస్తారు, సాయంత్రానికి విచ్చుకుంటాయి. మా వైపు రిసెప్షన్ ముందురోజు రాత్రే కాబట్టి దానికి మల్లెను మించింది లేదు, ఏసీ లేని హాలంతా ఘుమఘుమలాడుతుంది. అవే మల్లెలు తెల్లారి ముహూర్తానికి జడలో ఉంటే, తలంబ్రాలయ్యే లోపే రంగు మారతాయి. పొద్దుటి జడకి కనకాంబరం, మధ్యలో మరువం పెట్టించండి. కనకాంబరానికి వాసన ఉండదు. కానీ బరువు తక్కువ, తొందరగా వాడదు. రెండు గంటలు తల వంచుకుని కూర్చునే పెళ్లికూతురికి బరువు చిన్న విషయం కాదు.

దండలు లిల్లీతో, అక్కడక్కడా రోజాలతో చెప్పాం. అచ్చం రోజా రేకుల దండ ఫొటోలో అదుర్స్, ఎండలో అంచులు నల్లబడతాయి. అన్నట్టు బంతి, లిల్లీ రెండింటి పుట్టిల్లు మెక్సికో. స్టేజీ మీద జెర్బెరాలు చూసి "ఇవేం పూలప్పా, మన సంప్రదాయమేనా" అనే పెద్దాయన బంతి తోరణం కిందే నిలబడి ఉంటాడు, గమనించండి.

రోజాలు, కార్నేషన్లు మాకు బెంగళూరు వైపు నుంచి రావాలి. కర్నూలు దాకానే దాదాపు 360 కిలోమీటర్లు, అక్కడి నుంచి మా ఊరికి ఇంకో 30. అందుకే స్టేజీకి రెండు గుత్తులతో సరిపెట్టాం. వాటిని మామిడిపండ్లున్న ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి కార్నేషన్లు తొందరగా ముడుచుకుపోతాయి. ఇక గెస్టులు తెచ్చే బొకేలంటారా, ఫొటో అయ్యాక అవి స్టేజీ వెనక గుట్టే. వాట్సాప్ శుభలేఖలోనే "బొకేలు వద్దు" అని రాసేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అసలు సంగతి మూరల దగ్గర వచ్చింది. మూరంటే మోచేయి నుంచి మధ్యవేలి కొన దాకా, అంటే అమ్మే ఆమె చెయ్యి ఎంతుంటే అంత. ఈ లెక్కలో మోసపోకుండా మేము మొగ్గలు కిలోల్లో తెచ్చి ఇంట్లోనే కట్టుకుందాం అనుకున్నాం. ఎన్ని కిలోలో చెప్పడానికి పూలంగడాయన ఒకటే ప్రశ్న అడిగాడు: "ముత్తైదువలు ఎంతమంది?"

చిన్నాయన ఠక్కున "రెండొందలు" అన్నాడు. చెల్లి ఫోన్లోంచి తల ఎత్తింది. "ఆడోళ్లు ఎంతమందో చెప్పు చిన్నాయనా, ముత్తైదువల లెక్క నాకొద్దు."

నాన్న పోయి ఆరేళ్లు. అప్పటి నుంచి అమ్మ జడలో పూలు లేవు. వాకిట్లో పళ్లెం పట్టుకున్నవాళ్లు అమ్మ దగ్గరికి రాగానే చూపు తిప్పుకుని పక్కనామెకు ఇవ్వడం ఎన్ని పెళ్లిళ్లలో చూశానో. మీరూ చూసే ఉంటారు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. మూర పూల దగ్గర మాత్రం మనం ఇంకా ఆగే ఉన్నాం.

పెద్దమ్మ ఊరుకోలేదు. "ఊర్లో నలుగురు ఏమంటారు పాపా?"

"అననీ పెద్దమ్మా. నా పెళ్లిలో మాయమ్మే పూలు పెట్టుకోకుంటే ఎట్ల?"

అమ్మ మధ్యలోకొచ్చి "నాకెందుకులేప్పా ఇవన్నీ" అంది. ఆ మాటని చాలామంది సమాధానం అనుకుంటారు. మా చెల్లి అనుకోలేదు. "పెట్టుకునేది, పెట్టుకోనిది నీ ఇష్టం మా. పళ్లెం మాత్రం నీ ముందుకొస్తుంది" అంది. లిస్టులో 200 కొట్టేసి 240 రాశాను. పెరిగిన నలభైలో అమ్మ ఒక్కతే కాదు, మా వీధిలోనే ఆరుగురు. తలా అర మూర, అంటే ఎక్కువయింది ఇరవై మూరలు. రెండు స్టేజీ గుత్తుల ఖర్చు కూడా కాదు. మీ ఇంట్లో లిస్టు రాసేటప్పుడు పూలాయన అడిగే ఆ ప్రశ్న వినండి, జవాబు వేరేవాళ్లని చెప్పనీకండి.

రిసెప్షన్ మధ్యాహ్నం మొగ్గలు కట్టిన నలుగురిలో అమ్మ చేయే స్పీడు. రాత్రి పళ్లెం ముందుకొస్తే చుట్టూ చూసి, తీసుకుని, చేతిలోనే పెట్టుకుంది. పెద్దమ్మ కాసేపు చూసింది. తర్వాత తన జడలోని పిన్ను తీసి అమ్మకిచ్చింది, ఏమీ అనకుండా.

పొద్దున పళ్లెంలో కనకాంబరాలు చూసి అమ్మ నన్ను పక్కకి పిలిచింది. "వీటికి వాసనే ఉండదు కదరా. రాత్రి మల్లెలు మిగల్లేదా?"

అరటాకులో తడిగుడ్డ చుట్టి దాచినవి రెండు మూరలున్నాయి.