ఛాయాచిత్రమునకు న్యాయమైన వెల

వెల అనగానే మనకు బియ్యము, బట్టలు, బంగారము స్ఫురిస్తాయి. ఛాయాచిత్రము స్ఫురించదు. కాని నేడు ఫోటో లేని పెండ్లి లేదు. ఫోటో లేని దరఖాస్తు లేదు. పసిబిడ్డ తొలి పుట్టినరోజు మొదలుకొని హజ్ యాత్రకు పోవు పెద్దల పాస్‌పోర్టు వరకు దాని అవసరము తప్పదు. ఇంతగా వాడుకలోనికి వచ్చిన ఈ వస్తువునకు న్యాయమైన ధర ఏదని అడిగితే మాత్రము తీసేవారు ఒకటి చెప్తారు, తీయించుకొనేవారు మరొకటి చెప్తారు. మన విద్యార్థులలో కెమెరా చేతబట్టి బ్రతుకుతెరువు వెదకుకొనేవారు కొందరున్నారు. గ్రూపు ఫోటోకు పైకము చెల్లించేవారు అనేకులున్నారు. కావున ఈ విషయము ఇరుపక్షాల వైపు నుండీ ఆలోచింపదగినదని మా అభిప్రాయము.

ఛాయాచిత్రకళకు మన గడ్డపై ఘనమైన చరిత్ర ఉన్నది. 1844లో సర్ధనాలో జన్మించిన లాలా దీన్‌దయాళ్ ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదును పొందినారు. పరదా పాటించు స్త్రీల కొరకు 1892లో ఆయన హైదరాబాదులో ప్రత్యేకమైన జనానా స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించినారు. ఆ దినములలో ఫోటో సంపన్నుల సొత్తు. 1993లో ఎన్నికల సంఘము ఫోటో గుర్తింపు కార్డులకు ఆదేశించిన తరువాత నిరుపేద సైతము కెమెరా ఎదుట కూర్చున్నాడు. నవాబు గారి గోడ మీది చిత్రము కూలివాని జేబులోనికి దిగివచ్చింది. దిగివచ్చినది మంచిదే. కాని దానితోపాటు దానిని తీసినవాని శ్రమ విలువ కూడ దిగిపోవడము మంచిది కాదు.

"సెల్‌ఫోనులో ఊరకనే వచ్చే ఫోటోకు ఇంత డబ్బెందుకు?" అన్న ప్రశ్న ప్రతి స్టూడియో గడప వద్ద వినబడుతున్నది. దీనికి కోపముతో గాక లెక్కతో సమాధానము చెప్పవలెను. కెమెరా షట్టరు ఇన్ని పర్యాయములు పని చేయునని తయారీదారులే ఒక అంచనా ఇస్తారు. పలు రకములకు అది లక్ష, లక్షన్నర ఉంటుంది. లక్ష రూపాయల కెమెరా లక్ష చిత్రములు తీయునని అనుకొంటే, మీట నొక్కిన ప్రతిసారీ ఒక రూపాయి అరిగిపోయినట్లే. ఒక పెండ్లిలో రెండు వేల చిత్రములు తీసి, ఆల్బము ఖర్చు గాక ఎనిమిది వేల రూపాయలు పుచ్చుకొన్న యువకుని ఊహించుకొందాము. కెమెరా అరుగుదల రెండు వేలు, సహాయకునికి పదిహేను వందలు, ప్రయాణము మొదలైన వానికి వెయ్యి పోగా మిగిలినది మూడువేల ఐదువందలు. పెండ్లి ఒక్క దినమే గాని, చిత్రములు ఏరి, రంగులు సరిచేసి, పుటలు కూర్చడానికి మరి మూడు దినములు పడుతుంది. దుకాణపు అద్దె, విద్యుత్తు దినమునకు రెండు వందల చొప్పున తీసివేస్తే అతనికి దక్కినది దినమునకు ఆరువందల డెబ్బది ఐదు రూపాయలు. ఆషాఢము, శూన్యమాసము, రంజాను నెలలలో పెండ్లిండ్లు లేక ఖాళీగా గడిపే దినములను కూడ ఈ సంపాదనయే మోయవలెను. నైపుణ్యము గల పనివానికి ఇది తగిన ప్రతిఫలమేనా?

పేరు, బొమ్మ అచ్చువేసి ఇచ్చే కప్పులు, క్యాలెండర్లు, ఫ్రేముల విషయములో మరొక చిక్కు ఉన్నది. పూత పూసిన కప్పునకు ప్రత్యేకమైన ఇంకుతో ముద్రించిన కాగితమును చుట్టి, సుమారు 180 డిగ్రీలు, ఆ పైబడిన వేడిలో అదిమితే రంగు కప్పునకు పట్టుకొంటుంది. ఒక క్షణము అటూ ఇటూ అయినా, కాగితము కొంచెము జరిగినా అది పాడు. ఒకరి బొమ్మ ఉన్న కప్పు మరొకరికి పనికిరాదు. కావున సరుకునకు, డబ్బాకు కలిపి 90 రూపాయలు ఖర్చయితే, ఇరువదింటిలో ఒకటి పాడగునని లెక్కించి దానిని 95 అనుకొనవలెను. శ్రమకు 25 చేర్చితే 120. దానిని 180కి అమ్మితే లాభము 60. ఇది ఖర్చుపై నూటికి 50, అమ్మకపు ధరపై నూటికి 33 మాత్రమే. ఈ రెండింటిని ఒకటిగా భావించి నష్టపోయిన చిన్న వర్తకులు ఎందరో! ఇక పక్క దుకాణముతో పోటీపడి నూటికి 20 తగ్గించినాడనుకొందాము. ధర 144 అవుతుంది. లాభము 60 నుండి 24కు పడిపోతుంది. కొనేవానికి ఐదవ వంతు తగ్గింది. అమ్మేవాని లాభములో మాత్రము ఐదింట మూడు వంతులు పోయినవి. తగ్గింపు బోర్డు వ్రాయబోవు మన విద్యార్థి మొదట ఈ కూడిక తీసివేతలు చేయవలెను.

అయితే తప్పంతా కొనేవారిదేనా? కాదు. వచ్చినవారి బట్టలు చూచి ధర చెప్పడము, దరఖాస్తుకు గడువు ముగిసే నాడు పాస్‌పోర్టు ఫోటోకు రెట్టింపు అడగడము, చూపినది ఒక కాగితము, అచ్చువేసినది మరొక కాగితము కావడము కూడ లోకములో ఉన్నవే. కొలతలలో మోసము చేసేవారిని హెచ్చరిస్తూ ప్రారంభమయ్యే సూరా ఖుర్ఆనులో 83వది. ఆ హెచ్చరిక కుంచమునకు, తక్కెడకు మాత్రమే గాదు, ఆల్బము పుటలకు కూడ వర్తిస్తుందని మేము భావిస్తాము. చట్టము సంగతి కూడ తెలిసి ఉండవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, వేరే ఒప్పందము లేనపుడు, పైకము చెల్లించి తీయించుకొన్న ఛాయాచిత్రముపై తొలి హక్కు తీయించుకొన్నవారిదే. ఫైళ్ళు ఇచ్చుటకు వేరు రుసుము కోరదలచినచో ఆ మాట పెండ్లి తరువాత గాక, బయానా పుచ్చుకొనేనాడే చెప్పవలెను. ఆడపిల్లల చిత్రములను వారి అనుమతి లేక దుకాణపు అద్దములలో అలంకరించడము ఏ వెలకూ లొంగని తప్పు. దీన్‌దయాళ్ జనానా స్టూడియో నాడు పొందిన నమ్మకమే ఈ వృత్తికి అసలు పెట్టుబడి.

మరి ధరను ఎవరు నిర్ణయించవలెను? కౌటిల్యుని అర్థశాస్త్రము స్వదేశపు సరుకులపై నూటికి 5, విదేశపు సరుకులపై నూటికి 10 లాభమును అనుమతించింది. అల్లాఉద్దీన్ ఖిల్జీ (1296–1316) ఢిల్లీ అంగళ్ళలో ధరలు శాసించి, వానిని అమలుపరచ అధికారులను నియమించినాడు. మదీనాలో ధరలు పెరిగినపుడు వెల కట్టుమని ప్రజలు కోరగా, ఎవరికైనా అన్యాయము జరుగునేమోనని ప్రవక్త (స) నిరాకరించినట్లు హదీసు గ్రంథములు చెప్తున్నవి. పోటీదారులు తమలో తాము కూడి ధరలు బిగించుకొనడమును 2002 నాటి పోటీ చట్టము నిషేధించింది. పై నుండి శాసనమూ కాదు, చాటున కట్టడీ కాదు. ఎవరి లెక్క వారు నిజాయితీగా వేసుకొని, ఆ ధరను అందరికీ కనబడునట్లు వ్రాసి పెట్టడమే మిగిలిన మార్గము. ధనికునికీ, రిక్షావానికీ ఒకే పట్టిక ఉండవలెను. పేదవానికి తగ్గించదలచినచో అది యజమాని ఉదారత. దానికొరకు మరొకనిపై అధికముగా వేయరాదు.

ఇక కళాశాల కార్యవర్గమునకు మా మనవి. గ్రూపు ఫోటోకు ధరలు పిలిచేటపుడు పరిమాణము, కాగితము, ఫ్రేము, అందజేయు తేదీ, ఫైళ్ళు ఇచ్చుట ముందుగా వ్రాసి, ఒకే రకమైన పనికి వచ్చిన ధరలనే పోల్చవలెను. అన్నింటిలో తక్కువ ధర అన్నదొక్కటే యోగ్యత కారాదు. సగము పైకము ముందుగా, మిగిలినది ఫోటోలు చేతికి వచ్చిన నాడే చెల్లించవలెను. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వవలెనన్న బోధను గోడపై వ్రాసుకొని, బిల్లును నెలల తరబడి బల్లపై ఉంచుట మనకు శోభించదు. కొనలేని విద్యార్థిపై ఫోటోను నిర్బంధము చేయరాదు. వరుసలో నిలబడుటకు అతని హక్కు మాత్రము పోరాదు. వార్షికోత్సవమునకు మన విద్యార్థులచేతనే ఫోటోలు తీయించినచో, అనుభవము వస్తుందనే మాటతో సరిపెట్టక, కొంతయైనా పారితోషికము ఇవ్వవలెను.

విద్యార్థులారా! వాణిజ్యశాస్త్రములో మీరు చదివే తరుగుదల, స్థిర వ్యయము, లాభాంశము పరీక్షల కొరకే పుట్టినవి కావు. మీ వీధిలోని ఒక చిన్న స్టూడియోకు వెళ్ళి, యజమాని అనుమతితో ఒక్క ఫోటో ఖర్చును లెక్క కట్టి చూడండి. అతనికి తన శ్రమ విలువ తెలుస్తుంది. మీకు బేరమాడవలసిన చోటు, ఆపవలసిన చోటు తెలుస్తాయి. అమ్మేవాడు దాచనిది, కొనేవాడు తరువాత చింతించనిది, తీసినవాని ఇంట పొయ్యి ఆరనీయనిది ఏదో అదియే న్యాయమైన వెల.