వెంబ్లీకి దారెటు?

లండన్‌లో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో వెళ్లే పెద్దవాళ్లు చూసే ప్రదేశాలు దాదాపు ఒకటే. బిగ్‌బెన్, టవర్ బ్రిడ్జి, మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మలు... ఆ జాబితాకు మనవడు ఇంకో పేరు కలుపుతాడు. వెంబ్లీ! 'ఫుట్‌బాల్ మైదానం చూడ్డానికి అంత దూరం ఎందుకురా' అని తాతయ్య నసుగుతారు. కానీ వెళ్లాల్సిందే. అక్కడ మనకూ ఓ చుట్టరికం ఉంది. ముందు దారి సంగతి చూద్దాం.

కొత్తవాళ్లను తికమక పెట్టేది పేర్లే. వెంబ్లీ పార్క్, వెంబ్లీ స్టేడియం, వెంబ్లీ సెంట్రల్... మూడు స్టేషన్లున్నాయి. మూడింటి నుంచీ నడిచి వెళ్లొచ్చు. కానీ మొదటిసారి వెళ్లేవారికి వెంబ్లీ పార్కే మేలు. మైనపు బొమ్మలు చూసి బయటికొస్తే పక్కనే బేకర్ స్ట్రీట్ స్టేషన్. అక్కడ మెట్రోపాలిటన్ లైను రైలెక్కితే మధ్యలో ఒక్క ఫించ్లీ రోడ్‌లోనే ఆగుతుంది. పది పన్నెండు నిమిషాల్లో వెంబ్లీ పార్క్ వచ్చేస్తుంది. జూబ్లీ లైనులోనూ వెళ్లొచ్చు కానీ మధ్యలో ఎనిమిది చోట్ల ఆగుతుంది. మొదటిది సెయింట్ జాన్స్ వుడ్. 1983లో కపిల్‌దేవ్ ప్రపంచకప్ అందుకున్న లార్డ్స్ మైదానానికి దిగాల్సింది అక్కడే!

టికెట్ కోసం క్యూలో నిలబడక్కర్లేదు. బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకించి లోపలికెళ్లొచ్చు, దిగాక మళ్లీ తాకించాలి. ఒక కార్డు ఒక్కరికే చెల్లుతుంది. నాన్న కార్డుతో ఇంటిల్లిపాదీ వెళ్తామంటే కుదరదు. పదకొండేళ్ల లోపు పిల్లలకు మాత్రం పెద్దవాళ్లు తోడుంటే ఛార్జీ లేదు.

మ్యాచ్ లేని రోజైతే డబ్బు కట్టి స్టేడియం టూర్‌కి వెళ్లొచ్చు. ఆటగాళ్లు దుస్తులు మార్చుకునే గదులు, మైదానంలోకి నడిచొచ్చే దారి చూపిస్తారు. మ్యాచ్‌లూ సంగీత కచేరీలూ ఉన్న రోజుల్లో మామూలుగా టూర్లుండవు. కాబట్టి ముందే తేదీ చూసుకోండి. మ్యాచ్ చూడాలనుకుంటే టికెట్ అధికారికంగానే కొనండి. అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు అమ్మడం ఇంగ్లాండ్‌లో 1994 నుంచీ నేరం. బయట ఎవరో చవగ్గా ఇస్తానన్నారని ఆశపడితే గేటు దగ్గరే ఆగిపోవాల్సి రావచ్చు. పెద్ద బ్యాగులు ఇంట్లోనే వదిలేయండి, లోపలికి రానివ్వరు.

వెళ్లడం సులువే, రావడమే కష్టం. అక్కడ 90 వేల మంది పడతారు. ఆట అయ్యాక అందరూ ఒకేసారి స్టేషన్ వైపే కదులుతారు. తొక్కిసలాట కాకుండా సిబ్బంది జనాన్ని ఆపి ఆపి, విడతలవారీగా వదులుతారు. తొందరపడి లాభంలేదు. పిల్లలూ పెద్దలూ ఉంటే ఓ అరగంట, గంట ఆగి, పక్కన ఏదైనా తిని బయల్దేరడం నయం.

స్టేషన్ మెట్ల మీద నిలబడగానే ఎదురుగా 133 మీటర్ల ఎత్తున తెల్లటి ఉక్కు కమాను కనిపిస్తుంది. అక్కడికి తిన్నగా వెళ్లే దారి పేరు ఒలింపిక్ వే. పది నిమిషాల నడక. రెండో ప్రపంచయుద్ధంలో పట్టుబడిన జర్మన్ ఖైదీల చేత 1948 ఒలింపిక్స్ కోసం వేయించిన దారి అది. దాని చివర 1966 ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లాండ్ కెప్టెన్ బాబీ మూర్ విగ్రహం ఉంటుంది. అందరూ అక్కడ ఫొటో దిగుతారు. మనం మాత్రం కాసేపు ఆగి, ఇంకో విషయం గుర్తుచేసుకోవాలి.

1923లో కట్టిన పాత స్టేడియం ఇక్కడే ఉండేది. దాన్ని పడగొట్టి అదే చోట కట్టిన కొత్తది 2007లో తెరిచారు. ఆ పాత స్టేడియంలోనే 1948 ఆగస్టు 12న ఒలింపిక్ హాకీ ఫైనల్ జరిగింది. ఒకవైపు బ్రిటన్, మరోవైపు మనం. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాదైనా నిండలేదు. కిషన్‌లాల్ నాయకత్వంలో మనవాళ్లు 4-0తో గెలిచారు. అందులో రెండు గోల్స్ బల్బీర్‌సింగ్‌వే. మనల్ని ఏలినవారి గడ్డ మీద, వారి ముందే మన మువ్వన్నెల జెండా పైకి లేచింది. స్వతంత్ర భారతానికి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం.

మనవడికి ఫుట్‌బాల్ కథలన్నీ తెలిసే ఉంటాయి. ఇది మాత్రం ఆ దారిలో నడుస్తూ తాతయ్యే చెప్పాలి.